పొరపాటుకూ నేరానికీ నడుమ: ‘ఘోర నిర్లక్ష్యం’ అన్న మాట చరిత్ర

2005 ఆగస్టు 5న భారత సుప్రీంకోర్టు జేకబ్ మాథ్యూ కేసులో తీర్పునిస్తూ, చట్టంలో లేని ఒక విశేషణాన్ని ఉన్నట్టుగానే భావించి చదువుకోవాలని చెప్పింది. కేసు పూర్వాపరాలు క్లుప్తంగా ఇవి. 1995లో లూధియానాలోని ఒక ఆసుపత్రిలో ఊపిరాడక అవస్థ పడుతున్న రోగికి ఆక్సిజన్ పెట్టబోతే, తెచ్చిన సిలిండర్ ఖాళీగా ఉందనీ, మరొకటి సమకూర్చేలోగా ప్రాణం పోయిందనీ ఆ కుటుంబం ఆరోపణ. భారతీయ శిక్షాస్మృతి 304ఎ సెక్షన్ కింద డాక్టర్ల మీద క్రిమినల్ కేసు నమోదయింది. దుడుకుతనంతో గాని, నిర్లక్ష్యంతో గాని చేసిన పని వల్ల మనిషి చనిపోతే ఆ పని చేసినవాడు శిక్షార్హుడని ఆ సెక్షన్ అంటుంది. నిర్లక్ష్యం ఎంత ఉండాలో అందులో లేదు. సుప్రీంకోర్టు ఆ ఖాళీని పూరించింది. సెక్షన్‌లో ‘ఘోరమైన’ అన్న మాట లేకపోయినా, నేరంగా పరిగణించవలసిన నిర్లక్ష్యం ఘోరమైనదే అయి ఉండాలని వ్యాఖ్యానించి, డాక్టర్ల మీద కేసు కొట్టివేసింది.

ఈ వ్యాసం ఆ ఒక్క మాట గురించి. అది ఎక్కడ పుట్టింది, ఎవరి కోసం పుట్టింది, మన చట్టంలోకి రాకుండా ఎలా జారిపోయింది, మళ్లీ ఏ దారిన వచ్చింది అన్నది పరిశీలిస్తే, మనలో చాలామంది వృత్తిజీవితాలను నేరుగా తాకే ఒక ప్రశ్నకు కొంత సమాధానం దొరుకుతుంది. మన చేతిలో ఒక ప్రాణం పోతే, అది పొరపాటు ఎప్పుడవుతుంది, నేరం ఎప్పుడవుతుంది?

పొరపాటుకు మందు నష్టపరిహారం. బాధితుడు సివిల్ కోర్టుకు వెళ్తాడు, తప్పు చేసినవారో వారి బీమా కంపెనీయో డబ్బు చెల్లిస్తారు. నేరమైతే వాది రాజ్యం, ప్రతిఫలం జైలు. రెండింటికీ మూలమైన పని ఒక్కటే కావచ్చు. తేడా అంతా తప్పు బరువులో ఉంది. ఆ బరువును తూచడానికి కామన్ లా దేశాలు చాలాకాలంగా వాడుతున్న రాయి పేరే ‘ఘోర నిర్లక్ష్యం’.

బొటనవేలి ముద్ర, కప్పు మీది రాయి

మధ్యయుగపు ఇంగ్లండ్‌లో ఈ తూకం అవసరం పెద్దగా ఉండేది కాదు. మనిషిని చంపినవాడికి ఉరి. ప్రమాదవశాత్తు చంపినవాడికి రాజుగారి క్షమాభిక్ష దొరికేది గాని, అతని సామాను రాజ్యానికి జప్తయ్యేది. మనిషితో పాటు వస్తువు కూడా నిందను మోసేది. ఎవరి మీదనైనా బండి దొర్లినా, చెట్టు కూలినా, ఆ బండిని గాని చెట్టును గాని ‘డియోడాండ్’ పేరిట, అంటే దేవుడికి ఇవ్వదగినదిగా, రాజు స్వాధీనం చేసుకునేవాడు. లేదా దాని విలువను యజమాని కట్టేవాడు.

మర్డర్, మాన్‌స్లాటర్ అన్న రెండు మాటలు వేరుపడటానికి కారణం నీతి విచారణ కన్నా ఒక మినహాయింపు మీద వచ్చిన విసుగే. మతాచార్యులను రాజు కోర్టులు ఉరితీయకూడదన్న పాత రివాజు క్రమంగా చదవడం వచ్చిన ప్రతి మగవాడికీ వర్తించసాగింది. బైబిల్‌లోని ఒక కీర్తన చదివి వినిపిస్తే ఉరి తప్పేది. మతాచార్యుడు కానివాడు ఈ సౌకర్యాన్ని ఒక్కసారే వాడుకునేలా బొటనవేలి మీద వాత పెట్టేవారు. ట్యూడర్ రాజుల కాలంలో, 15వ శతాబ్దం చివరినుంచి 16వ శతాబ్దం నడిమిదాకా వచ్చిన చట్టాలు, ముందుగా దురుద్దేశం పెట్టుకుని చేసిన హత్యలకు ఈ రక్షణ తీసివేశాయి. అలా ఉరి ఖాయమైన భాగం మర్డర్. వాతతో బయటపడగలిగిన మిగతాదంతా మాన్‌స్లాటర్. అంటే మాన్‌స్లాటర్ మొదటినుంచీ ఒక మిగులు పద్దు. ఆవేశంలో పొడిచినవాడూ, అజాగ్రత్తగా చంపినవాడూ ఒకే గదిలో పడ్డారు. ఆ గది అస్తవ్యస్తత ఇప్పటికీ పోలేదు.

1769లో వెలువడిన తన వ్యాఖ్యానాల నాలుగో సంపుటంలో విలియం బ్లాక్‌స్టన్ ఈ గదిని సర్దడానికి ఒక ఉదాహరణ వాడుకున్నాడు. ఇంటి కప్పు మీద పనిచేసే కూలీ ఒక రాయినో దూలాన్నో వీధిలోకి విసిరాడు. కింద ఒక మనిషి చచ్చిపోయాడు. ఇది ఏ నేరం? జనసంచారం తక్కువైన పల్లెటూళ్లో, కేక వేసి హెచ్చరించి విసిరితే అది దుర్ఘటన మాత్రమే. నిత్యం జనం తిరిగే లండన్‌లాంటి నగరంలో అయితే, హెచ్చరించినా సరే, మాన్‌స్లాటర్. కింద మనుషులు నడుస్తున్నారని తెలిసి, ఏ హెచ్చరికా లేకుండా విసిరితే మర్డర్. చెయ్యి అదే, రాయి అదే. వీధి మారింది, తెలివిడి మారింది. దానితో నేరం పేరు మారింది. ఈ ఉదాహరణలో రెండు ప్రమాణాలు కలిసి ఉన్నాయి. ఆ మనిషికి ఏం తెలుసు అన్నది ఒకటి. అలాంటి చోట ఎవరైనా ఎంత జాగ్రత్తగా ఉండాలి అన్నది రెండోది. వీటిలో ఏది ముఖ్యమన్న వాదం ఆనాటినుంచి ఈనాటిదాకా నడుస్తూనే ఉంది.

బోనెక్కిన వైద్యులు

ఆ వాదానికి రంగస్థలం కప్పు మీది కూలీ కాలేదు, వైద్యుడయ్యాడు. 1807లో విలియమ్‌సన్ అనే వ్యక్తి విచారణకు వచ్చాడు. అతనికి వైద్యవిద్య లేదు, అయినా పురుళ్లు పోసేవాడు. కాన్పు తరవాత బయటికి జారిన గర్భసంచిని మాయ అనుకుని లాగాడు, బాలింత చనిపోయింది. న్యాయమూర్తి ఎలెన్‌బరో ప్రభువు జ్యూరీకి చెప్పిన దాని సారాంశం ఇది: ఇతణ్ని దోషి అనాలంటే ఇతనిలో అత్యంత ఘోరమైన అజ్ఞానమో, నేరపూరితమైన అలక్ష్యమో కనిపించాలి. అంతకుముందు ఎందరో స్త్రీలకు అతను సురక్షితంగా పురుడు పోసినట్టు సాక్ష్యం వచ్చింది. జ్యూరీ విడిచిపెట్టింది.

1830లో ఐర్లండ్‌కు చెందిన సెయింట్ జాన్ లాంగ్ కేసు ఇంకా విచిత్రం. మొదట చిత్రకళ నేర్చిన ఈయన, తరవాత లండన్‌లో సంపన్న కుటుంబాలకు క్షయ నయం చేస్తానని పేరు తెచ్చుకున్నాడు. ఒక లేపనంతో రోగి వీపు మీద పుండు పడేదాకా రుద్దించడం అతని పద్ధతి. ఆ పుండుతో ఒక యువతి చనిపోయింది. ప్రభువర్గానికి చెందిన రోగులెందరో వచ్చి అతని తరపున సాక్ష్యం చెప్పారు. జ్యూరీ మాన్‌స్లాటర్ అని తేల్చింది. శిక్ష మాత్రం 250 పౌండ్ల జరిమానా. అతను అక్కడికక్కడే కట్టి వెళ్లిపోయాడు. కొద్ది నెలలకే మరో రోగి మరణం మీద మళ్లీ విచారణ జరిగింది. ఈసారి నిర్దోషి అన్నారు. తూచే రాయి ఒకటే అయినా తూచే చేతిని బట్టి, తూకంలో ఉన్న మనిషి హోదాను బట్టి తూనిక మారుతుందని ఈ కేసు చెప్పకనే చెప్పింది.

అట్లాంటిక్‌కు అవతల కూడా ఇదే ఊగిసలాట. 1809లో మసాచుసెట్స్‌లో మూలికలతో వాంతులు చేయించే ఒక నాటు వైద్యుడు, నయం చేయాలన్న నిజాయితీ ఉందన్న కారణంగా విడుదలయ్యాడు. 1884లో అదే రాష్ట్రంలో పియర్స్ అనే వైద్యుడు రోగి ఒంటికి కిరోసిన్‌లో తడిపిన గుడ్డలు రోజుల తరబడి చుట్టి ఉంచాడు, ఆమె చనిపోయింది. అప్పటికి ఆ రాష్ట్ర సుప్రీంకోర్టులో ఉన్న ఆలివర్ వెండెల్ హోమ్స్ పాత తీర్పు దారిని వదిలేశాడు. మనసు మంచిదైనంత మాత్రాన చాలదు, సాధారణ వివేకం ఉన్న మనిషి ఆ పరిస్థితులు తెలిసి కూడా అలా చేస్తాడా అన్నదే కొలమానం, అని శిక్షను ఖాయం చేశాడు. బ్లాక్‌స్టన్ ఉదాహరణలోని రెండు ప్రమాణాల్లో రెండోదానివైపు త్రాసు మొగ్గింది.

ఇంగ్లండ్‌లో ఈ చర్చ 1925 నాటి బేట్‌మన్ కేసుతో ఒక కొలిక్కి వచ్చింది. కష్టమైన కాన్పు చేస్తూ ఈ డాక్టర్ గర్భాశయానికి తీవ్రమైన హాని చేశాడు, ఆమెను ఆసుపత్రికి పంపడానికి అయిదు రోజులు జాగు చేశాడు, ఆమె చనిపోయింది. కింది కోర్టు శిక్ష వేసింది. అప్పీలు కోర్టులో ప్రధాన న్యాయమూర్తి హ్యూవర్ట్ ఆ శిక్షను కొట్టివేస్తూ, సివిల్ బాధ్యతకు సరిపోయే నిర్లక్ష్యం నేరానికి చాలదని వివరించాడు. కక్షిదారుల మధ్య నష్టపరిహారంతో తీరే స్థాయిని దాటి, ఇతరుల ప్రాణాలంటే లెక్కలేనితనం కనబడి, రాజ్యం శిక్షించవలసినంతగా ఉంటేనే నేరం. ఆ స్థాయి ఎక్కడ మొదలవుతుందో చెప్పవలసింది జ్యూరీ.

కలకత్తా ముసాయిదా, మద్రాసు నిర్వచనం

ఇంగ్లండ్‌లో కేసు తరవాత కేసుగా పెరుగుతున్న ఈ న్యాయాన్ని ఒక పుస్తకంగా కుదించే పని ఇండియాలో మొదలయింది. 1837లో థామస్ మెకాలే నాయకత్వంలోని లా కమిషన్ శిక్షాస్మృతి ముసాయిదాను సమర్పించింది. అందులో నిర్లక్ష్య మరణానికి ఒక క్లాజు ఉంది. మానవ ప్రాణం పట్ల ఉండవలసిన గౌరవం లేదని సూచించేటంత దుడుకుతనం లేదా నిర్లక్ష్యం ఉంటేనే అది నేరమనీ, గరిష్ఠ శిక్ష రెండేళ్లనీ ఆ క్లాజు చెప్పింది. ‘ఘోరం’ అన్న మాట వాడకుండానే ఘోరానికి కొలత ఇచ్చిన క్లాజు అది.

1860లో స్మృతి చట్టమై, 1862 జనవరి 1న అమల్లోకి వచ్చినప్పుడు ఆ క్లాజు అందులో లేదు. పదేళ్ల తరవాత, జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్ గవర్నర్ జనరల్ కౌన్సిల్‌లో న్యాయ సభ్యుడిగా ఉన్నప్పుడు, 1870 నాటి సవరణ చట్టం దాన్ని 304ఎ సెక్షన్‌గా చేర్చింది. రెండేళ్ల శిక్ష అలాగే ఉంది. మానవ ప్రాణం పట్ల గౌరవలోపాన్ని ప్రస్తావించే భాగం మాత్రం లేదు. దుడుకు లేదా నిర్లక్ష్యపు పని, అంతే. మెకాలే ఇచ్చిన కొలత ఇలా జారిపోయింది.

జారిపోయినదాన్ని వెతుక్కోవలసిన బాధ్యత కోర్టుల మీద పడింది. సెక్షన్ వచ్చిన రెండేళ్లకే, 1872లో, మద్రాసు హైకోర్టు ముందుకు వచ్చిన కేసు పేరు నిడమర్తి నాగభూషణం. ఇంటి పేరు చూడగానే తెలుగు పాఠకుడికి గుర్తుపట్టడం కష్టం కాదు. ఆ కేసులో జస్టిస్ హాలోవే చెప్పిన నిర్వచనం నేటికీ న్యాయశాస్త్ర గ్రంథాల్లో కనిపిస్తుంది. దాని సారం ఇది. కీడు జరగవచ్చునని తెలిసి, జరగదులే అన్న ఆశతో, తగిన జాగ్రత్త తీసుకున్నానన్న నమ్మకంతో చేసేది దుడుకుతనం. కీడు జరుగుతుందన్న స్పృహే లేకుండా, కాని ఆ స్పృహ ఉండవలసిన పరిస్థితుల్లో, తీసుకోవలసిన జాగ్రత్త తీసుకోకపోవడం నిర్లక్ష్యం. ఒకదానిలో తెలిసీ ఆశపడటం, మరొకదానిలో తెలుసుకోవలసింది తెలుసుకోకపోవడం. బ్లాక్‌స్టన్ ఉదాహరణలో ముడిపడి ఉన్న రెండు ప్రమాణాలను ఇంత స్పష్టంగా విడదీసిన వాక్యాలు ఆ కాలపు ఇంగ్లండ్ తీర్పుల్లోనూ అరుదు.

1881లో ఇదూ బేగ్ కేసులో అలహాబాద్ హైకోర్టుకు చెందిన జస్టిస్ స్ట్రెయిట్ మరో అడుగు వేసి, నేరపూరిత నిర్లక్ష్యమంటే ప్రజలపట్ల గాని ఒక వ్యక్తిపట్ల గాని తీసుకోవలసిన జాగ్రత్తను ఘోరంగా, నిందార్హంగా ఉపేక్షించడమని నిర్వచించాడు. సెక్షన్‌లో లేని ‘ఘోరం’ తీర్పులోకి వచ్చింది. సుప్రీంకోర్టు 2005లో చేసిన పనికి ఇది 124 ఏళ్ల ముందటి పునాది.

నిర్వచనాలు ఇలా పదునెక్కుతున్న కాలంలోనే, తూచే చేతుల సంగతి బయటపెట్టిన ఉదంతం ఒకటి జరిగింది. ఆగ్రాలో ఫుల్లర్ అనే ఆంగ్ల న్యాయవాది, బండి తేవడంలో ఆలస్యమైందని తన గుర్రాల కాపరిని కొట్టాడు. కొద్దిసేపటికే అతను చనిపోయాడు. ప్లీహం పగిలిందని వైద్యులు తేల్చారు. మేజిస్ట్రేటు దాన్ని మామూలు గాయపరచడంగా పరిగణించి ముప్పై రూపాయల జరిమానా వేశాడు. 1876లో వైస్రాయి లిట్టన్ ఆ మేజిస్ట్రేటును బహిరంగంగా మందలిస్తే, ఇండియాలోని తెల్లవారి పత్రికలు వైస్రాయి మీదే మండిపడ్డాయి. మలేరియా వల్ల ప్లీహం ఉబ్బి ఉండటం ఇక్కడి పేదలకు సాధారణం కనుక, కొట్టినవాడు చావును ఊహించలేడన్న వాదన అప్పట్లో పదేపదే వినపడేది. ఇది 304ఎ కేసు కాదు. దెబ్బ కావాలని కొట్టినదే. కాని ‘ముందుగా ఊహించగలడా’ అన్న ప్రశ్నకు జవాబు, అడిగేవాడూ చెప్పేవాడూ ఎవరన్నదాన్ని బట్టి ఎలా మారుతుందో ఇంతకన్నా బాగా చూపే ఉదాహరణ లేదు.

రైలు, మోటారు, కంపెనీ

యంత్రయుగం ఈ సమస్యకు కొత్త రూపం ఇచ్చింది. పాత డియోడాండ్ పద్ధతి రైళ్ల ముందు నిలవలేకపోయింది. 1841 డిసెంబరులో ఇంగ్లండ్‌లోని సానింగ్ దగ్గర గ్రేట్ వెస్టర్న్ రైలు విరిగిపడిన మట్టికట్టను ఢీకొని మూడో తరగతి ప్రయాణికులు చనిపోతే, విచారణ జ్యూరీ ఇంజను మీదా పెట్టెల మీదా వెయ్యి పౌండ్ల డియోడాండ్ విధించింది. మామూలు జనం కంపెనీని శిక్షించడానికి దొరికిన ఒకే ఒక్క సాధనాన్ని అలా వాడుకున్నారు. 1846లో పార్లమెంటు డియోడాండ్‌ను రద్దుచేసి, అదే ఏడు మృతుల కుటుంబాలు నష్టపరిహారం కోరే హక్కును చట్టంగా చేసింది. డబ్బు బాధితుల కుటుంబానికి చేరడం మంచి మార్పే. కాని మరణానికి కారణమైన సంస్థ మీద నిందను ప్రకటించే దారి దానితోపాటే మూసుకుపోయింది.

మోటారు వాహనాల విషయంలో ఇబ్బంది మరో రకం. 1937లో ఆండ్రూస్ కేసులో అట్కిన్ ప్రభువు బేట్‌మన్ ప్రమాణమే డ్రైవర్లకూ వర్తిస్తుందన్నాడు. అయితే కార్లు నడిపే జ్యూరీ సభ్యులు బోనులోని డ్రైవరులో తమనే చూసుకుని, మాన్‌స్లాటర్ అన్న బరువైన మాట పలకడానికి జంకేవారు. చివరికి 1956లో పార్లమెంటు ప్రమాదకర డ్రైవింగ్‌తో మరణం కలిగించడమన్న వేరే నేరాన్ని సృష్టించవలసి వచ్చింది. జ్యూరీ చెయ్యి వణికినచోట చట్టం చిన్న తూకపు రాయి ఒకటి తయారుచేసిందన్నమాట.

కంపెనీల దగ్గరికి వచ్చేసరికి సమస్య తలకిందులయింది. 1942 నవంబరు 28న బోస్టన్‌లోని కోకోనట్ గ్రోవ్ నైట్‌క్లబ్ తగలబడి 492 మంది మరణించారు. అత్యవసర ద్వారాలు కొన్ని తాళాలేసి ఉన్నాయి. యజమాని వెలాన్‌స్కీ ఆ రాత్రి అక్కడ లేడు, ఆసుపత్రిలో ఉన్నాడు. అయినా క్లబ్బు అతని ఒక్కడి అదుపులో నడిచేది కనుక, ప్రమాదాన్ని పట్టించుకోకపోవడం అతని నేరమేనని 1944లో మసాచుసెట్స్ కోర్టు నిర్ధారించింది. పెత్తనమంతా ఒక్కడి చేతిలో ఉన్నప్పుడు తూకం తేలిక. పెత్తనం పంచుకున్నప్పుడు?

1987 మార్చి 6న బెల్జియం రేవునుంచి బయల్దేరిన ‘హెరల్డ్ ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్’ ఓడ ముందు తలుపులు మూయకుండానే కదిలింది. నిమిషాల్లో ఒరిగిపోయింది; 193 మంది చనిపోయారు. తలుపు మూయవలసినవాడు నిద్రలో ఉన్నాడు, చూడవలసిన అధికారి చూడలేదు, తలుపు మూసిందో లేదో కెప్టెన్‌కు తెలిపే దీపం పెట్టించమన్న వినతులను పై యాజమాన్యం పెడచెవిన పెట్టింది. పై నుంచి కింది దాకా సంస్థ అంతటా అలసత్వం పాకిందని విచారణ నివేదిక తేల్చింది. కాని 1990లో కంపెనీ మీద పెట్టిన మాన్‌స్లాటర్ కేసు మధ్యలోనే కూలిపోయింది. కంపెనీకి మనసంటూ ఉంటే అది దాని పై అధికారుల మనసే. వారిలో ఏ ఒక్కరి తప్పూ విడిగా ఘోరమని నిరూపణ కాలేదు. పలువురి చిన్న తప్పులను కలిపి ఒక పెద్ద తప్పుగా తూచడానికి చట్టం ఒప్పుకోలేదు. తిలాపాపం తలా పిడికెడు అయినప్పుడు ఎవరి పిడికిలీ నేరానికి సరిపోదు. ఈ చిక్కు విప్పడానికే బ్రిటన్ 2007లో కార్పొరేట్ మాన్‌స్లాటర్ చట్టం చేసింది. కార్యకలాపాలను నడిపిన తీరే ఘోరంగా లోపించిందా అని అది అడుగుతుంది. అక్కడా తూకపు రాయి ‘ఘోరం’ అన్న మాటే.

భోపాల్ కథ మనకు బాగా తెలిసినదే గాని, ఈ చరిత్రలో దాని స్థానం గమనించాలి. 1984 డిసెంబరు 2-3 రాత్రి విషవాయువు వేలమందిని చంపింది. యూనియన్ కార్బైడ్ భారతీయ అధికారుల మీద మొదట పెట్టిన అభియోగం పదేళ్ల దాకా శిక్ష పడగల నరహత్య. 1996లో సుప్రీంకోర్టు, చావు జరిగే అవకాశం ఉందని తెలిసే చేశారనడానికి తన ముందున్న ఆధారాలు చాలవంటూ దాన్ని 304ఎకి తగ్గించింది. 2010 జూన్‌లో భోపాల్ కోర్టు ఆ సెక్షన్ అనుమతించే గరిష్ఠ శిక్ష, రెండేళ్లు, వేసింది. దోషులకు వెంటనే బెయిలు దొరికింది. 1837లో మెకాలే ఒక మనిషి అజాగ్రత్తను ఊహించి గీసిన రెండేళ్ల గీత, 173 ఏళ్ల తరవాత ఒక నగరం చావుకు కొలబద్ద అయింది.

నాలుగున్నర నిమిషాలు

మళ్లీ వైద్యుల దగ్గరికి వద్దాం. 1987 జనవరిలో ఇంగ్లండ్‌లో ఒక కంటి ఆపరేషన్ జరుగుతుండగా రోగికి ఆక్సిజన్ అందించే గొట్టం ఊడిపోయింది. మత్తు డాక్టర్ అడొమాకో దాన్ని గమనించలేదు. నాలుగున్నర నిమిషాల తరవాత అలారం మోగింది. అప్పుడు కూడా ఆయన గొట్టం అతుకును చూడకుండా మరేవో చికిత్సలు చేశాడు. రోగి గుండె ఆగిపోయింది. 1994లో హౌస్ ఆఫ్ లార్డ్స్ శిక్షను సమర్థిస్తూ బేట్‌మన్ ప్రమాణాన్ని తిరిగి నిలబెట్టింది. కర్తవ్యం ఉందా, అది తప్పిందా, దానివల్లే మరణం కలిగిందా, ఆ తప్పు నేరమనదగినంత ఘోరమా: ఈ నాలుగూ జ్యూరీ తేల్చాలి. నేరమనదగినంత పెద్దదైతే నేరం అనడంలో ఒక చక్రభ్రమణం ఉందని తీర్పు రాసిన మెకై ప్రభువు తానే ఒప్పుకున్నాడు.

2004లో మిశ్రా, శ్రీవాస్తవ అనే ఇద్దరు డాక్టర్లు ఈ చక్రభ్రమణం మీదే అప్పీలు చేశారు. మోకాలి ఆపరేషన్ తరవాత ఇన్‌ఫెక్షన్ ముదిరిన యువకుడి పరిస్థితిని వారు గుర్తించలేదని కింది కోర్టు తేల్చింది. ఏది నేరమో ముందుగా తెలియకపోతే మనిషి ఎలా జాగ్రత్తపడగలడు, ఇది మానవహక్కుల ఒప్పందానికి విరుద్ధం కదా అని వారి వాదన. నేరం నిర్వచనం స్పష్టంగానే ఉంది, జ్యూరీ తేల్చేది వాస్తవాన్నే తప్ప చట్టాన్ని కాదు అని అప్పీలు కోర్టు తోసిపుచ్చింది.

2015లో డాక్టర్ బావా-గార్బా దోషి అయింది. 2011లో లెస్టర్‌లో ఆరేళ్ల బాలుడు సెప్సిస్‌తో మరణించిన రోజున ఆమె ప్రసూతి సెలవు నుంచి తిరిగివచ్చిన కొత్తలో, రాని సహోద్యోగుల పని కూడా మోస్తూ, కంప్యూటర్లు పనిచేయని ఆసుపత్రిలో, పై డాక్టర్ అందుబాటులో లేని వేళ విధుల్లో ఉంది. బాలుడి తల్లిదండ్రుల దుఃఖం, వారు కోరిన జవాబుదారీ న్యాయమైనవి. అయినా ఆ రోజు ఆ వార్డులోని తప్పంతా ఇద్దరి మీదే, ఆమె మీదా ఒక నర్సు మీదా పడింది. 2018 జనవరిలో హైకోర్టు ఆమె పేరును వైద్యుల జాబితా నుంచి తొలగించింది; ఆగస్టులో అప్పీలు కోర్టు ఆ తొలగింపును రద్దుచేసింది. వేలమంది డాక్టర్లు ఆమె పక్షాన నిలబడటానికి కారణం, ఆ వార్డులో తామూ అలాగే పనిచేస్తున్నామని వారికి తెలియడమే.

నాగభూషణం, అడొమాకో, మిశ్రా, శ్రీవాస్తవ, బావా-గార్బా. ఈ న్యాయశాఖలోని ప్రసిద్ధ కేసుల పేర్లను ఇలా వరసగా చదివితే, వలస రాజ్యాల నుంచో, వలస వచ్చినవారి నుంచో వచ్చిన పేర్లు ఎన్నో కనిపిస్తాయి. దీన్ని వివక్షకు రుజువు అనడం తొందరపాటు. కారణాలు పలు ఉండవచ్చు, బేట్‌మన్, లాంగ్ వంటి పేర్లూ ఉన్నాయి. కాని కొలత స్పష్టంగా రాసిలేని చోట, తూచేవాడి ఊహకు వదిలేసిన చోట, పరాయివాడికి భయం వేయడం సహజం. బ్రిటన్‌లోని భారతీయ డాక్టర్ల సంఘం ఈ ప్రశ్నను బహిరంగంగానే లేవనెత్తింది.

ఆ భయానికి 2005లో మన సుప్రీంకోర్టు ఇచ్చిన జవాబు మాట దగ్గరే ఆగలేదు, తూచే చేతిని కూడా మార్చింది. డాక్టర్ మీద నేరారోపణను ముందుకు తీసుకువెళ్లే ముందు మరో సమర్థుడైన డాక్టర్ అభిప్రాయం ఉండాలనీ, దర్యాప్తు అధికారి వీలైతే ప్రభుత్వ డాక్టరు నుంచి స్వతంత్ర అభిప్రాయం తీసుకోవాలనీ, ఆరోపణ వచ్చిందే తడవుగా అరెస్టు చేయరాదనీ చెప్పింది. సాటి వృత్తివాడు తూచితే తూకం నిజమవుతుందా, లేక సొంత కులానికి కాస్త మొగ్గుతుందా అన్న అనుమానం రోగుల తరపున మిగిలే ఉంది. 1830లో లండన్ ప్రభువర్గం చేసినదీ ఒక రకంగా అదే కదా.

2024 జూలై 1న శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. పాత 304ఎ ఇప్పుడు 106వ సెక్షన్. గరిష్ఠ శిక్ష రెండేళ్ల నుంచి అయిదేళ్లకు పెరిగింది. వైద్యం చేస్తూ నిర్లక్ష్యం చూపిన రిజిస్టర్డ్ డాక్టర్లకు మాత్రం, వైద్యుల సంఘం విన్నపం మీద, రెండేళ్లే. ఢీకొట్టి పోలీసులకు చెప్పకుండా పారిపోయే డ్రైవర్లకు పదేళ్లన్న ఉపసెక్షన్ మీద లారీ డ్రైవర్లు సమ్మెకు దిగితే, దాన్ని అమల్లోకి తేకుండా ఆపారు. గట్టి గొంతు ఉన్నవారు తమ తూకపు రాయిని తామే ఎంతోకొంత మార్చుకోగలిగారు. తాళాలేసిన ద్వారం వెనుక చిక్కుకున్న కార్మికుడికో, మట్టికట్ట కింద పడిన మూడో తరగతి ప్రయాణికుడికో అలాంటి గొంతు లేదు.

ఇంతా జరిగాక కొత్త సెక్షన్ తెరిచి చూస్తే, అందులో దుడుకు లేదా నిర్లక్ష్యపు పని అనే ఉంది. 1837లో మెకాలే రాసిన కొలత గాని, 1881లో అలహాబాద్ పలికిన విశేషణం గాని, 2005లో సుప్రీంకోర్టు చదువుకోమన్న మాట గాని అందులో లేవు. చట్టం మరోసారి ఆ ఖాళీని ఖాళీగానే వదిలింది. అందులో ఏ మాట పెట్టి చదవాలో ఎప్పటిలాగే తూచేవాళ్లు నిర్ణయిస్తారు. తూచేవాళ్లు ఎవరన్నది మాత్రం మనం అడుగుతూ ఉండవలసిన ప్రశ్న.